తినే గుడ్డుకు తినదగిన రంగే వేయండి



ఈస్టర్ దగ్గరపడుతున్న కొద్దీ కొందరు తల్లుల నుంచి, ఆదివారపు బడి నడిపే ఉపాధ్యాయినుల నుంచి నాకు ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తుంటుంది: “డాక్టరుగారూ, పిల్లల చేత గుడ్లకు రంగులు వేయించాలనుకుంటున్నాం. ఏ రంగు వాడితే ప్రమాదం ఉండదు?” అడగవలసిన ప్రశ్నే. అడగకుండా అంగడికి వెళ్లి చేతికందిన పొట్లం కొనితెచ్చేవారే ఎక్కువ గనుక, అడిగినవారిని ముందుగా అభినందిస్తున్నాను. నా సమాధానం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. మీరు రంగు వేసిన ప్రతి గుడ్డూ చివరకు ఎవరో ఒక పిల్లవాడి కడుపులోకే వెళుతుందని అనుకొని, ఆ రంగును ఎంచుకోండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో, దీనిని ఇంట్లో ఎలా పాటించవచ్చో వివరించడానికే ఈ వ్యాసం.

మన తీరంలో ఈ వేడుక

నెల్లూరు తీరానికి క్రైస్తవం కొత్తది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తీరం వెంబడి ఉత్తరాన రామాయపట్నంలో ఆ మిషన్ వారు వేదాంత పాఠశాల నడిపారు. దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలకు 1860ల దశకంలో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వచ్చింది. అయినప్పటికీ గుడ్లకు రంగులు వేయడం మన ఈస్టర్‌లో ముఖ్యభాగంగా ఎన్నడూ లేదు. మన ఈస్టర్ అంటే తెల్లవారకముందే లేచి చేసే సూర్యోదయ ఆరాధన, తెల్లని బట్టలు, కొన్నిచోట్ల సమాధుల తోటలో పూలు, కొవ్వొత్తులు, మధ్యాహ్నం బంధువులతో భోజనం. రంగుల గుడ్లు మన ఇళ్లలోకి ఎక్కువగా ఈ మధ్యకాలంలోనే, బేకరీల ద్వారా, ఇంగ్లీషు మీడియం బడుల ద్వారా, విదేశాలలో ఉన్న బంధువులు పంపే ఫోటోల ద్వారా ప్రవేశించాయి.

ఆచారం పుట్టిన చోట దాని అర్థం వేరు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై దినాల ఉపవాస కాలంలో ఒకప్పుడు ఐరోపాలో మాంసంతోపాటు గుడ్లు కూడా నిషిద్ధమే. కోళ్లకు ఆ నిషేధం తెలియదు గదా! అవి పెట్టిన గుడ్లు పేరుకుపోయేవి. పండుగనాడు వాటిని రంగులద్ది, పంచుకొని తినేవారు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1290లో 450 గుడ్లకు రంగులు, బంగారు రేకులు వేయించి పంచిపెట్టాడని ఆనాటి ఖాతాలు చెబుతున్నాయి. గ్రీకులు నేటికీ ఎర్రని గుడ్లు పంచుకుంటారు. ఉక్రెయిన్ వారి ‘పిసంకా’ అనే గుడ్డుచిత్రకళను 2024లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వైద్యుడిగా నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. ఈస్టర్ కుందేలు, ఈస్టర్ గుడ్ల ఆచారాన్ని వివరించిన తొలి గ్రంథాలలో ఒకటి 1682లో జర్మనీలో ఒక వైద్యాచార్యుని పేరిట వెలువడింది. ఆయన పేరు గేయార్గ్ ఫ్రాంక్ వాన్ ఫ్రాంకెనావ్. పండుగ పేరుతో అతిగా గుడ్లు తింటే కడుపునొప్పి తప్పదని ఆయన అందులో హెచ్చరించాడు. అంటే ఈస్టర్ గుడ్లతోపాటు డాక్టరు హితబోధ కూడా మూడు వందల సంవత్సరాలకు పైబడినదే!

పారేయమని చెప్పలేని ఇళ్లు

పాశ్చాత్య దేశాల ఆరోగ్య సలహాలు చదివితే చివర ఒక మాట తరచుగా కనిపిస్తుంది: అలంకరణకు వాడిన గుడ్లను తినవద్దు, అనుమానం కలిగితే పారేయండి. సలహాగా అది తప్పు కాదు. కాని మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి తీరగ్రామాలలోని ఒక చేపల వేటగాని ఇంటిలో, ఉడికించిన గుడ్డును పారేయమని నేను ఎలా చెప్పగలను? వేట నిషేధ కాలం కూడా ఏప్రిల్ నడిమి నుంచే మొదలవుతుంది. ఇంట్లోకి డబ్బు వచ్చే దారి సన్నగిల్లే రోజులవి. అక్కడ గుడ్డు అలంకరణ వస్తువు కాదు, పిల్లల కూడు. పెద్దలు పారేసినా పిల్లలు ఏరుకొని తింటారు. తినడంలో వారి తప్పేమీ లేదు. ఆకలిగొన్న పిల్లవాడికి గుడ్డును గుడ్డుగా చూడడమే తెలుసు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లలలో సుమారు 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా నాణ్యమైన మాంసకృత్తులు ఉంటాయి. బి12 విటమిన్, మెదడు ఎదుగుదలకు తోడ్పడే కోలిన్ వంటి పోషకాలు వాటికి అదనం. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందు వరుసన నిలిచిన రాష్ట్రం మనది. బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు పెడుతున్నారు. పాతవి కలవకుండా వాటిపై వారానికొక రంగు ముద్ర వేసే పద్ధతి కూడా తెచ్చారు. అంతటి విలువైన ఆహారాన్ని ఒక పూట సరదా కోసం తినరానిదిగా మార్చడం నాకు సమ్మతం కాదు. అందుకే నేను ఈ వేడుకను వద్దనడం లేదు. గుడ్డును గుడ్డుగా మిగిల్చే పద్ధతిలో జరపమంటున్నాను. రంగు ఎంపిక, నీటి శుభ్రత, ఎండ, కాలపరిమితి, ఈ నాలుగింటినీ గమనిస్తే ఒక్క గుడ్డు కూడా పారేయవలసిన అవసరం రాదు.

పెంకు గోడ కాదు

“రంగు పెంకు మీదనే గదా, ఒలిచేస్తే పోతుంది గదా” అని చాలామంది అంటారు. గుడ్డు పెంకు గట్టి గోడలా కనిపించినా అది జల్లెడ వంటిది. లోపలి పిల్ల ఊపిరి పీల్చుకోవడానికి ప్రకృతి ఒక్కొక్క పెంకులో సుమారు ఏడు వేల నుంచి పదిహేడు వేల సూక్ష్మరంధ్రాలు ఉంచింది. కోడి పెట్టినప్పుడు వాటిని కప్పి ఉంచే పలుచని పూత కడిగినా, ఉడికించినా పోతుంది. ఉడికేటప్పుడు పెంకుకు కంటికి కనబడని నెరియలు పడతాయి. రంగునీటిలో నానబెట్టిన గుడ్డును ఒలిస్తే తెల్లసొన మీద ఎర్రని, నీలి మరకలు కనిపించడం మీలో కొందరు చూసే ఉంటారు. పెంకు దాటి లోపలికి దిగిన రంగే అది.

మరొక విషయం. వేడి గుడ్డును చల్లని నీటిలో వేసినప్పుడు లోపలి పదార్థం, గాలి కుంచించుకొని, పైనున్న నీటిని రంధ్రాల గుండా కొంత లోపలికి లాక్కుంటాయి. ఆ నీరు కలుషితమైనదైతే క్రిములు కూడా దానితోపాటు వెళతాయి. కనుక చల్లార్చే నీరు, రంగు కలిపే నీరు రెండూ తాగే నీరే అయి ఉండాలి. బకెట్టులోని వాడుక నీరు పనికిరాదు.

ఒలిచిన గుడ్డులో పచ్చసొన చుట్టూ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వలయం కనిపిస్తే మాత్రం భయపడవద్దు. అది మీరు వేసిన రంగు కాదు. ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఏర్పడే పదార్థం అది. దానివల్ల హాని లేదు.

అంగడి రంగుల సంగతి

మన ఊళ్లలో గుడ్లకు వేసే రంగు ఎక్కడ నుంచి వస్తున్నది? ముగ్గు రంగులు, హోలీ రంగులు, బట్టల అద్దకపు పొట్లాలు, పిల్లల పోస్టర్ రంగులు, మెరుపుల పొడి. వీటిలో ఏదీ తినడానికి తయారైనది కాదు. వాటిలో ఏమి కలిసిందో పొట్లం మీద రాసి ఉండదు. పరిశ్రమలలో వాడే రంగులు, సీసం వంటి భారలోహాలు వాటిలో ఉండే అవకాశం ఉన్నది. పిల్లల మెదడుకు సీసం ఏ కొద్ది పరిమాణంలోనైనా మంచిది కాదన్నది వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయం.

ఇక కిరాణా కొట్టులో ‘మిఠాయి రంగు’ అని చిన్న కాగితపు పొట్లాలలో విడిగా అమ్మే పొడి. మన దేశంలో ఆహారంలో వాడడానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే: పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, ఇండిగో కార్మిన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. ఇవైనా కొన్ని నిర్దేశిత పదార్థాలలో, నిర్దేశిత మోతాదు మించకుండా వాడవలసినవే. విడి పొట్లంలో ఉన్నది ఈ ఎనిమిదిలో ఒకటో, బట్టలకు వాడే రోడమిన్-బి లేక మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోను, ఆ వెంటనే మన పొరుగున తమిళనాడులోను పీచు మిఠాయి అమ్మకాలను నిషేధించారు. పిల్లలు ఇష్టపడే ఆ గులాబీ రంగు రోడమిన్-బి అని పరీక్షలలో తేలడమే అందుకు కారణం. సముద్రతీరాన మన పిల్లలు చప్పరించే మిఠాయిల రంగు కూడా ఎక్కడి నుంచి వస్తున్నదో మనం అడగవలసిన సమయమిది.

అనుమతి పొందిన రంగులైతే నిశ్చింతగా వాడవచ్చునా? 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు కొన్ని కృత్రిమ రంగుల మిశ్రమాలను, సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థాన్ని మూడేళ్ల పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు ఇచ్చి పరిశీలించారు. కొందరు పిల్లలలో చంచలత్వం కొంత పెరిగినట్లు కనిపించింది. సగటున చూస్తే ఆ ప్రభావం చిన్నదే, పిల్లలందరిలో ఒకేలా లేదు. అయినా 2010 జూలై నుంచి ఐరోపా సమాఖ్య అటువంటి ఆరు రంగులు కలిసిన ఆహారంపై హెచ్చరిక ముద్రించాలని నిర్దేశించింది. ఆ ఆరింటిలో నాలుగు మన అనుమతి జాబితాలో ఉన్నాయి. దీనిని బట్టి ఒక గుడ్డు తిన్నంత మాత్రాన పిల్లవాడు జబ్బుపడతాడని నేను అనను, అలా భయపెట్టడం వైద్యధర్మం కాదు. రంగు కొనక తప్పదనుకునేవారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, గడువు తేదీ ఉన్న మూతబిగించిన సీసా కొని, చుక్కలతో సరిపెట్టుకోండి. అయితే అంతకన్నా మేలైన రంగులు మీ వంటింట్లోనే ఉన్నాయి.

వంటింటి రంగులు

రంగు తీయడం మన నేలకు తెలిసిన విద్య. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ, పటిక, బెల్లంతో పులియబెట్టిన ఇనుపనీరు, నీలి మందు వంటి వాటితో నేటికీ బట్టపై బొమ్మలు వేస్తున్నారు. కోరమాండల్ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసిన ఎరుపుతో అద్దిన వస్త్రాలు ఒకప్పుడు సముద్రాలు దాటి వెళ్లాయి. మద్రాసు కోట కట్టక ముందే, 1626లో, ఆంగ్లేయులు పులికాట్ సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో స్థావరం వేసుకున్నది ఈ వస్త్రాల కోసమే. బట్టకు పనికివచ్చేవన్నీ గుడ్డుకు పనికిరావు. గుడ్డుకు కూరగాయల బుట్టలోనివి, పోపుల పెట్టెలోనివి చాలు.

ఫారం కోడి తెల్లగుడ్లు ఇందుకు మేలు. నాటుకోడి గుడ్ల పెంకు గోధుమరంగు కనుక వాటిపై రంగులు ముదురుగా, మట్టిఛాయతో వస్తాయి. పగుళ్లు లేని గుడ్లను ఎంచుకోండి.

ఉల్లిపొట్టు: రెండు పెద్ద గుప్పెళ్ల ఎర్ర ఉల్లిపొట్టును అరలీటరు నీటిలో ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. ఒక చెంచా నిమ్మరసం కలిపి, అందులోనే గుడ్లను పది, పన్నెండు నిమిషాలు ఉడికించండి. ఇటుకరంగు నుంచి ముదురు ఎరుపు వరకు వస్తుంది. పారేసే పొట్టుతో ఇంత చక్కని రంగు రావడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. గ్రీకు పల్లెలలో ఈస్టర్ ఎర్రగుడ్లకు పూర్వం నుంచి వాడుతున్నదీ ఉల్లిపొట్టే.

పసుపు: రెండు చెంచాల పసుపును నీటిలో మరిగిస్తే బంగారు రంగు. విడిగా అమ్మే పసుపుపొడిలో మెరుపు కోసం సీసపు క్రోమేట్ కలిపే మోసం దక్షిణాసియాలో పలుచోట్ల బయటపడింది. కనుక పసుపు కొమ్ములు తెచ్చి దంచుకోవడం ఉత్తమం.

శంఖుపుష్పం: పెరటి కంచె మీది నీలిరంగు పూలను వేడినీటిలో వేసి, ఉడికిన గుడ్లను అందులో నానబెడితే లేతనీలం వస్తుంది. దీనిలో నిమ్మరసం కలిపితే నీరు ఊదారంగుకు మారుతుంది. పిల్లలకు ఆ మార్పును చూపించండి. పసుపు వేసిన గుడ్డును ఈ నీలిలో ముంచితే ఆకుపచ్చ.

బీట్‌రూట్ లేత గులాబీనిస్తుంది. టీ డికాక్షన్ గోధుమరంగునిస్తుంది. ఈ రంగులేవీ అంగడి రంగుల్లా కళ్లు జిగేలుమనిపించవు. అందుకు చింతించకండి. ముదురు రంగు కావాలంటే గుడ్లను రంగునీటితో సహా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి.

నిమ్మరసం ఎందుకు? పెంకు కాల్షియం కార్బనేట్. పులుపు తగలగానే అది కొద్దిగా కరిగి, చిన్న బుడగలు లేస్తాయి, రంగు పట్టడానికి పెంకు గరుకుగా తయారవుతుంది. పులుపు ఎక్కువైతే పెంకే పాడవుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల పక్కన ఉన్న మనకు సీసాల వినెగర్ కొనవలసిన పని లేదు.

బొమ్మల కోసం కొత్తిమీర, కరివేపాకు, చింతాకు రెమ్మను గుడ్డుకు అతికించి, పాత పలుచని పంచె గుడ్డతో బిగించి కట్టి, ఉల్లిపొట్టు నీటిలో ఉడికించండి. విప్పి చూస్తే ఆకు ఆకారం తెల్లగా మిగులుతుంది. ఇంట్లో తినే ఆకులు మాత్రమే వాడండి. అందంగా ఉన్నదని గన్నేరు ఆకు, ఉమ్మెత్త ఆకు పిల్లలు తెస్తారు. అవి విషం. వాటిని ఉడికించిన నీరు గుడ్డును తాకకూడదు.

ఎండ, గడియారం

ఇప్పటి వరకు చెప్పినదంతా రంగు గురించి. నిజానికి రంగు కన్నా ముందు జబ్బు చేసేది ఎండ. ఈస్టర్ మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య వస్తుంది. ఆ వేళకు నెల్లూరు పగటి వేడి 35 డిగ్రీలు దాటడం మామూలే, దానికి సముద్రపు తేమ తోడవుతుంది. ఉడికించిన గుడ్డును బయట రెండు గంటలకు మించి ఉంచరాదన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. వేడి 32 డిగ్రీలు దాటిన చోట ఆ వ్యవధి ఒక గంటే. ఉడికింది గనుక చెడదని అనుకోవడం పొరపాటు. పెంకుపై రక్షణ పూత పోయింది గనుక ఉడికిన గుడ్డే పచ్చిగుడ్డు కన్నా త్వరగా చెడుతుంది.

అందువల్ల చలిదేశాలవారు తోటలో గుడ్లు దాచి పిల్లల చేత వెదికించే ఆటను మన ఏప్రిల్ ఎండలో తినే గుడ్లతో ఆడించవద్దు. ఇసుకలో, చెట్ల మొదళ్లలో గంటలకొద్దీ పడి ఉన్న గుడ్డుకు కుక్కలు, చీమలు, మట్టిక్రిములు అన్నీ తగులుతాయి. ఆటకు చెక్కగుడ్లు వాడండి. లక్కపూతతో, ప్రకృతి రంగులతో చెక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక మన రాష్ట్రంలోనే ఉన్నది. కాగితపు గుజ్జుతో పిల్లల చేతనే చేయించినా సరే. తినే గుడ్లను పని ముగియగానే తుడిచి ఫ్రిజ్‌లో పెట్టండి. పెంకుపై ఉడికించిన రోజును పెన్సిలుతో రాయండి. వారంలోపు తినేయాలి. ఫ్రిజ్ లేని ఇంటిలో, కరెంటు తరచుగా పోయే చోట, ఉదయం రంగు వేసి ఆ పూట భోజనంలోనే ముగించండి. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్క గుడ్డు, అదీ వాడు తినేటంతే. డజన్లకొద్దీ రంగులు వేసి వరుసగా పేర్చి ఫోటోలు తీసుకోవడం మన వాతావరణానికి తగదు.

పిల్లల విషయంలో మరికొన్ని జాగ్రత్తలు

పసుపుకు సున్నం కలిపితే ఎర్రబడుతుందని హారతి పళ్లెం చూసిన పిల్లలందరికీ తెలుసు. గుడ్డు మీద ఆ వింత చేసి చూపాలనుకుంటే వంట సోడా కలిపిన నీటితో చేయండి. పసుపు గుడ్డుపై దూదిపుల్లతో సోడా నీటిని రాస్తే ఎర్రని గీతలు పడతాయి. సున్నం డబ్బీ మాత్రం పిల్లల చేతికి ఇవ్వవద్దు. కంట్లో సున్నం పడితే నల్లగుడ్డు దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉన్నది. ఒకవేళ పడితే నలపకుండా, ఆలస్యం చేయకుండా, శుభ్రమైన నీటిధారతో కనీసం పావుగంట కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గుడ్డుకు రెండు వైపులా రంధ్రం చేసి లోపలి సొనను నోటితో ఊది బయటకు తీసే పద్ధతి కొన్ని వీడియోలలో చూపిస్తారు. పచ్చిసొనలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. నోరు పెట్టవద్దు. సూది తీసిన కొత్త సిరంజితో గాలి పంపితే సొన దిగుతుంది. దానిని బాగా ఉడికేలా అట్టు వేసుకోండి. పచ్చిగుడ్డు ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

గుడ్డు పడని పిల్లలు కొందరుంటారు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తే అది అలర్జీ. ఆయాసం గాని, వాపు గాని కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపక ఆసుపత్రికి పరుగెత్తాలి. అటువంటి పిల్లలను వేడుకకు దూరం చేయకుండా చెక్కగుడ్డు చేతికివ్వండి. అయిదేళ్లలోపు పిల్లలకు గుడ్డును ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించండి. పరుగెడుతూ మింగితే గొంతుకు అడ్డుపడుతుంది.

వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులద్దిన కోడిపిల్లలను అమ్మకానికి తెస్తుంటారు. పండుగ కానుకగా వాటిని కొనవద్దు. వాటిలో అనేకం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. వాటి రెట్ట ద్వారా సాల్మొనెల్లా పిల్లలకు అంటుకుంటుంది.

ఇంత జాగ్రత్తపడినా ఎవరికైనా జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తే, సాల్మొనెల్లా అయితే, తిన్న ఆరు గంటల నుంచి ఆరు రోజులలోపు కనిపిస్తాయి. ప్రతి విరేచనం తరువాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఓఆర్‌ఎస్ నీరు పట్టించండి. తల్లిపాలు, భోజనం మాన్పించవద్దు. జింకు మాత్రల సంగతి డాక్టరును అడగండి. మలంలో రక్తం, కళ్లు లోతుకు పోవడం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, మగతగా పడి ఉండడం వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. విరేచనాలు ఆపే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చి పిల్లలకు వేయవద్దు.

రెండు ఆక్షేపణలు

ఇది పరాయివారి ఆచారం, మనకెందుకు అని కొందరు పెద్దలు అంటారు. జరుపుకోవాలా వద్దా అన్నది ఆయా కుటుంబాల, సంఘాల ఇష్టం. అందులో వైద్యుడు చెప్పేదేమీ లేదు. జరుపుకునేవారు మాత్రం మన ఉల్లిపొట్టుతో, మన శంఖుపుష్పంతో, మన నిమ్మతో జరుపుకుంటే అది పరాయిది కాకుండా పోతుందని నా నమ్మకం.

ఏడాదికొక్కరోజు వేసే రంగుకు ఇంత చర్చ అవసరమా అని మరికొందరు అడుగుతారు. ఆ ఒక్కరోజు రంగు వల్ల కలిగే హాని చిన్నదే కావచ్చు. ఆ రోజున పిల్లవాడు నేర్చుకునే పాఠం మాత్రం ఏడాదంతా నిలుస్తుంది. విడి పొట్లం విప్పి నీళ్లలో కలిపి, జిగేలుమనే గుడ్డును వాడి చేతిలో పెడితే, తినే వస్తువు ఎంత మెరిస్తే అంత మంచిదని వాడు నేర్చుకుంటాడు. ఆ కంటితోనే రేపు గులాబీ పీచు మిఠాయిని, రక్తంలా ఎర్రబడిన చేపల వేపుడును, నారింజరంగు జిలేబీని ఎంచుకుంటాడు. అమ్మ పక్కన కూర్చొని ఉల్లిపొట్టు మరిగించిన పిల్లవాడికి అసలైన రంగు ఎంత నెమ్మదిగా, ఎంత లేతగా వస్తుందో తెలుస్తుంది. మితిమీరిన మెరుపును చూసినప్పుడు “ఇది దేనితో చేశారు?” అని అడగడం వాడికి అలవడుతుంది. బజారులో ఆ ఒక్క ప్రశ్న అడగగల పిల్లవాడిని తయారుచేయడం ఏ తనిఖీ అధికారి వల్లా కాని పని. అది ఇంట్లోనే జరగాలి.

ఆదివారపు బడులు నడిపేవారికి నాదొక విన్నపం. ఈసారి పిల్లలను రంగు పొట్లాలు తెమ్మనకండి. మట్టల ఆదివారం నుంచి వారం రోజుల పాటు ఇంట్లో ఉల్లిపొట్టు దాచి తెమ్మనండి. ఖర్చులేదు, పేద పిల్లవాడు చిన్నబుచ్చుకోవలసిన పని కూడా ఉండదు. ఈస్టర్ ఉదయం ఆరాధన ముగిసిన తరువాత తాగునీటితో, పెద్దల సమక్షంలో పొయ్యి వెలిగించి, ఎండ ముదరక ముందే రంగులు వేయించి, అక్కడే ఉప్పు, మిరియాలపొడితో ప్రతి పిల్లవాడి చేత ఒక గుడ్డు తినిపించి ఇంటికి పంపండి.

ఈస్టర్ జరుపుకునే కుటుంబాలన్నిటికీ నా శుభాకాంక్షలు. ఆరోగ్యమస్తు.